మొగలి గట్టు

9 జూన్ 2019, ఆదివారం

ఇందుమూలముగా సమస్త జనులకు, అందు మరీ ముఖ్యముగా నా భార్య భారతికి తెలియజేయడమైనది ఏమనగా: నేటి నుండి నా దువ్వెన గోడ మేకు మీదనే నివసించవలెను. దానితో మేక గడ్డము దువ్వుట, కొబ్బరి పీచు చిక్కు తీయుట, వీపు గోకుకొనుట శాశ్వతముగా నిషేధించడమైనది. ఉల్లంఘించిన వారి టీలో పంచదార స్థానమున ఉప్పు పడును. అప్పీలు లేదు. ఇట్లు, మైకు చినబాబు, పదో తరగతి, రెండు పర్యాయములు.

దీన్ని పొద్దున్నే, ఊరూరా చాటింపు వేసే నా ఆటో మీది మైకులో ఇంటి ముందు నిలబడి చదివాను. భారతి చేట పట్టుకుని బయటికొచ్చి, "నాలుగు ఎంటికలకి ఇంత సట్టమేటి మావా, ముందు తలకాయని మేకుకి తగిలించు" అంది. వీధి వీధంతా నవ్వింది. ఇలాంటివి ఎక్కడైనా రాసి పెట్టుకోవాలనిపించింది. ఎరువుల కొట్టువాడు జనవరిలో ఇవ్వాల్సిన డైరీ మొన్న ఇచ్చాడు. అందులోనే మొదలుపెడుతున్నాను.

మనుషులకి చెబితే నమ్మడం మానేశారు. కిందటి నెల మైకులో కోళ్ళకు ఉచిత కంటి పరీక్షలు అని చెప్పాను. అసిరయ్య ముసలాడు రెండు పెట్టల్ని గంపలో పెట్టుకుని అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. "ఎర్రదానికి సందెలేలకి కళ్ళు ఆనవురా" అని నాకు దాని జబ్బు కూడా చెప్పాడు. అప్పటినుంచి నేను నిజమైన మెడికల్ క్యాంపు చెప్పినా జనం పళ్ళికిలిస్తున్నారు.

11 జూన్, మంగళవారం

తోటకి వెళ్ళాను. అంటే గట్టు దాకా వెళ్ళి వచ్చాను. లోపలికి దారి లేదు.

తిత్లీ తుపాను కొట్టినప్పుడు నాన్న వేసిన జీడి చెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. తీయించడానికి మనుషులు దొరకలేదు. అందరి తోటలూ పడ్డాయి, ఎవరి శవాలు వాళ్ళకే సరిపోయాయి. ఈలోగా పడిన మానుల మీద తీగలు పాకాయి, తీగల మీద ముళ్ళ తుప్పలు లేచాయి. ఇప్పుడు పాములు తప్ప ఎవరూ లోపలికి పోలేరు. నా తోటకి నేనే చుట్టాన్ని.

గట్టు మీది మొగలి మాత్రం తుపానుకి ఒంగి, మళ్ళీ లేచి నిలబడింది. అది నా తోడబుట్టిన అప్ప చిన్నతల్లిది. నాన్న పోయే ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, "గట్టు కింద జీడి సిన్నోడిది, గట్టు మీద మొగలి సిన్నతల్లిది" అన్నాడు. కాగితం లేదు. మా నాన్న నోరే మాకు కాగితం.

వానలు పడితే మొగలి పూస్తుంది. అప్ప తెల్లారకముందే దోటీతో పూలు కోస్తుంది. జగన్నాధం మోపెడ్ మీద గోనెలు వేసుకుని వచ్చి, గట్టు చివర హారన్ కొట్టి, పట్టుకుపోతాడు. ఒరిస్సా వైపు అత్తరు బట్టీలున్నాయి. మా బావ కూర్మయ్యకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఆ మాట జలుబు చేసిందన్నట్టు చెప్పుకుంటాం. వాళ్ళ ఇల్లు ఆ పూల మీదే నిలబడి ఉంది. అప్ప ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, ఎవరి కిందా పని చెయ్యకుండా బతకడం ఆ గట్టు వల్లే.

సాయంత్రం కొబ్బరి నర్సరీ ధర్మేంద్ర వచ్చాడు. తుప్పలు కొట్టే మిషను వస్తోందట.

"పొక్లెయిన్‌కి బకెట్ తీసేసి, పళ్ళున్న డ్రమ్ము పెడతారు మావా. మల్చర్ అంటారు. తుప్ప మీద పెడితే నమిలీసి అక్కడే ఊసేస్తాది. ఏళ్ళు పీకదు, నేల గీకదు. ఆ పొట్టు మీదే కొబ్బరి పెట్టీవచ్చు."

"నమిలి ఊసేదానికి మిషనెందుకురా? మా అత్తని పంపిస్తాను" అన్నాను.

లోపల్నించి భారతి గరిట విసిరింది. తగల్లేదు.

12 జూన్, బుధవారం

ధర్మేంద్ర తోట చుట్టూ తిరిగి మొహం వేలాడేశాడు. మూడు వైపులా పక్కవాళ్ళు కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్కలు. మిషను రావాలంటే గట్టు మీంచే రావాలి. మొగలిలో దాని మేరకి దారి కొట్టాలి.

"అది మా అప్పదిరా."

"అయితే అప్పనడుగు. సరే అంటే ఎల్లుండే దించుతాను. నేదంటే ఇచ్ఛాపురం ఎలిపోతాది. మళ్ళీ ఎప్పుడొస్తాదో నాకూ తెల్దు."

అప్ప విశాఖ పెద్దాసుపత్రిలో ఉంది. బావకి డయాలసిస్ కోసం చేతి నరానికి ఆపరేషను. వచ్చేసరికి ఎన్నాళ్ళవుతుందో.

13 జూన్, గురువారం

అప్ప ఫోన్ చేసింది. పొద్దున్న టీ తాగుతున్నాను. వెనకాల ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో నర్సు కేకలు. "తిన్నావేట్రా?" అనే మొదలుపెట్టింది, ఎప్పటిలాగే. బావకి బాగానే ఉందట. నేను మిషను సంగతి చెప్పాను. కాసేపు దగ్గింది.

"దారి మేరకే కదరా. కొట్టించుకో. నీ తోట బాగుపడితే నాకు సంతోషం కాదేటి" అంది.

అప్ప సరే అంది. ధర్మేంద్రకి చెప్పేశాను.

14 జూన్, శుక్రవారం

మిషను దిగింది! ఊరు ఊరంతా గట్టు కింద చేరింది. నాటకానికి కూడా ఇంతమంది రారు. డ్రైవరు జార్ఖండ్ వాడు. చెవులకి పెద్ద పెద్ద డిప్పలు, కళ్ళకి అద్దాలు. పుట్టాక ఒక్క తెలుగు మాట కూడా విని ఉండడు.

ధర్మేంద్ర పద్ధతి చెప్పాడు. ఏ చెట్టు వదిలేయాలో దానికి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ లేనిదంతా మిషను మేత. భారతి పాత చీర చింపి, చిగురేసిన రెండు జీడి మోళ్ళకీ, మూలనున్న వేపకీ కట్టాను.

"గట్టుకో?" అన్నాడు ధర్మేంద్ర.

"గట్టుకి గుడ్డేట్రా! గట్టు మీది మొగలి ఎవరిదో ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు" అన్నాను.

గట్టులో దారి కొట్టినప్పుడు నేను ఆ వైపు చూడలేదు. తర్వాత లోపలికి దిగాక మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయాను. డ్రమ్ము తిరుగుతూ పైనుంచి దిగుతుంది. తుప్ప ఒక్క క్షణం వణుకుతుంది. అంతే, ఇక లేదు. పొట్టు చింది వెనక్కి పడుతుంది. నాన్న పోయాక మొదటిసారి తోట ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. పొట్టు కంట్లో పడిందని చెప్పాను.

డ్రైవరుకి రెండు బొండాలు కొట్టించి ఇచ్చాను. నా హిందీకి వాడు చాలా నవ్వాడు. మంచివాడు.

15 జూన్, శనివారం

ఊరంతా మొగలి వాసన.

16 జూన్, ఆదివారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

లోపల పని మధ్యాహ్నానికి అయిపోతుందని, నేను పశువుల టీకాల గురించి చెప్పడానికి ఆటో వేసుకుని పక్క ఊరు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మిషను గట్టు మీద ఉంది. దారి దగ్గర కాదు. గట్టు పొడుగునా నడుచుకుంటూ పోతోంది.

నేను ఆటోలోంచి దూకలేదు. మైకు తీశాను. పాతికేళ్ళ అలవాటు, చెయ్యి ముందు దానిమీదకే పోయింది. "ఆపండి! గట్టు ఆపండి! అది మా అప్పది!" అని అరిచాను. నాకున్న సౌండంతా పెట్టాను. కంచె దగ్గరున్న జనం నా వైపు తిరిగి నవ్వారు. అసిరయ్య, "ఈసారి మొగలికి కంటి పరీచ్చలేట్రా?" అన్నాడు. ఇంకా నవ్వారు. వినాల్సిన ఒక్కడికీ చెవులకి డిప్పలున్నాయి. వీపు నా వైపు ఉంది.

మైకు పారేసి పరిగెత్తాను. దగ్గరికి వెళ్ళనివ్వలేదు. ముక్కలు రాళ్ళలా వచ్చి కొట్టాయి, నుదురు చీరుకుంది. చేతులూపాను. చొక్కా విప్పి ఊపాను. రంగు చొక్కా కదా, జనానికి అదీ ఆటే. అప్పుడు వాసన వచ్చింది. తొలకరికి లోపల కట్టుకున్న మొగ్గలన్నీ ఒక్కసారి నలిగిన వాసన. జనం నవ్వు ఆగింది. ఎవరో ఆడమనిషి "ఓలమ్మో" అంది.

గట్టు ఆఖరుకి వచ్చాకే మిషను ఆగింది. డ్రైవరు దిగి, నా చొక్కా చూసి నన్ను చూసి, పళ్ళన్నీ బయటపెట్టి "ఏక్‌దమ్ సాఫ్!" అన్నాడు. బొండాలిచ్చినందుకు ఆ ముళ్ళ వరస తన వైపు నుంచి ఊరికే కొట్టి పెట్టాడట. అది చెప్పడానికి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తాను. కొట్టలేకపోయాను.

సాయంత్రం ధర్మేంద్ర వచ్చాడు. "నన్నంటావేటి మావా? గుడ్డ కట్టమన్నానా నేదా? అసలు మీ అప్ప సరే అన్నాదని సెప్పినోడివి నువ్వే."

"దారి మేరకిరా!"

"ఆ ముక్క ఆడికెవుడు సెప్పినాడు?"

నిజమే. ఎవుడు చెప్పాడు.

18 జూన్, మంగళవారం

ఆ ఫోన్ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. అప్ప "దారి మేరకే" అన్నదా, "నీ ఇష్టం" అన్నదా? ట్రాలీ చప్పుడులో సరిగా వినబడలేదు. "ఎలాగూ ముసలి మొగలి అయిపోనాది, కొత్త పిలకలు పెట్టుకోవాల" అని కూడా అన్నట్టుంది. ముసలి మొగలి అనే మాట అప్పదే. నాకు తట్టే మాట కాదు అది.

19 జూన్, బుధవారం

అవును, అంది. "మొత్తం తీయించీరా, పిలకలు పెడదాం" అంది. దగ్గు తర్వాత అంది.

భారతికి చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "ఏ ఫోన్లో?" అంది.

"నా ఫోన్లో."

"ఓహో" అంది. ఏరుతూనే ఉంది.

21 జూన్, శుక్రవారం

అప్పా బావా వచ్చారు. ఆటో ఇంటి దగ్గర ఆగకుండా గట్టు దగ్గరే ఆగింది. అంటే ఎవరో చెప్పేశారు.

అప్ప చెప్పులు విడిచి గట్టెక్కింది. పొట్టు మోకాలి కింద దాకా ఉంది, అడుగు దిగబడుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. దారిలో ఒకచోట ఒంగి దోసెడు పొట్టు తీసి, మొహం దగ్గర పెట్టుకుని, మళ్ళీ అక్కడే పోసింది. నేను కిందే నిలబడ్డాను.

"నా దోటీ ఈ తుప్పలోనే దూర్చి ఉంచినాను రా" అంది.

అంతే అంది.

నువ్వు సరే అన్నావు కదప్పా అందామని నోరు తెరిచాను. ఆసుపత్రి గాభరాలో మర్చిపోయింది పాపం. అలాంటప్పుడు గుర్తు చేయడం పద్ధతి కాదు. మూసుకున్నాను.

బావ ఆటోలోనే కూర్చున్నాడు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "ఏటి బావా, నుదుటి మీద బొట్టు పెద్దదెట్టినావు?" అన్నాడు నా దెబ్బ చూసి. నవ్వాను. వాడే నవ్వలేదు.

23 జూన్, ఆదివారం

బడి వరండాలో పెద్దల ముందు కూర్చున్నాం. పెట్టించింది బావ అన్నగారు సోములు. ఆయన లెక్క సూటిగా ఉంది. గట్టు పోయింది, గట్టు చిన్నతల్లి వాటా, కాబట్టి పోయినదానికి బదులు తోటలో సగం రాసివ్వాలి. బావ మంచాన పడ్డ మనిషి, ఆ ఇంటికి ఇంకేముంది?

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అది నాకు నచ్చలేదు.

"గట్టు కొట్టినోడు దొంగతనంగా కొట్టినాడు" అన్నాడు సోములు.

"దొంగతనమేటండి? ఊరంతా సూసింది. మా అప్ప సరే అన్నాదండి" అన్నాను. గొంతు మైకులో ఉన్నట్టే గట్టిగా వచ్చింది.

అందరూ అప్ప వైపు తిరిగారు. బావ పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చుంది. సోములు, "సిన్నతల్లీ, నువ్వు సెప్పు. ఆసుపత్రిలో ఉన్న మనిషివి, నువ్వు సరే అన్నావా?" అని అడిగాడు.

అప్ప నా వైపు చూసింది. చిన్నప్పుడు నేను పంతులి కుర్చీలో పల్లేరుకాయలు వేసి దొరికినప్పుడు కూడా ఇలాగే చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, "అన్నాను బావా. నానే అన్నాను" అంది.

"మొత్తం కొట్టమన్నావా?"

"మొత్తమే. ముసల్ది అయిపోనాది మొగలి."

సోములు తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. పెద్దలు లేచారు. తోట నాదే.

విన్నారా? అంది. అందరి ముందూ అంది. నేను మొదటినుంచీ రాస్తున్నది ఇదే.

భారతి అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చోకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

24 జూన్, సోమవారం

ముసలి మొగలి అని పెద్దల ముందు నేను అనలేదు. భారతితో తప్ప ఎవరితోనూ అనలేదు. భారతి అప్పకి చెప్పి ఉంటుంది. ఎందుకు చెప్పిందో అడగలేదు.

2 జూలై, మంగళవారం

వానలు పడ్డాయి. జగన్నాధం గట్టు చివర హారన్ కొట్టాడు. కిందటేడాది ఈపాటికి వచ్చేవాడు కదా, అలవాటు. ఎవరూ వెళ్ళలేదు.

3 జూలై, బుధవారం

కొట్టాడు.

5 జూలై, శుక్రవారం

ఈ రోజు కొట్టలేదు.

8 జూలై, సోమవారం

రేవు వైపు ఎవరిదో గట్టు మీద మొగలి చూసి, అడగకుండా పిలకలు తెచ్చాను. అప్ప గట్టంతా నేనే తవ్వి పెట్టాను. పొట్టు తీసి గుంట, గుంటలో పిలక, మళ్ళీ చుట్టూ పొట్టు. ధర్మేంద్ర చెప్పినట్టు పొట్టు కింద నేల తడిగా, నల్లగా, మెత్తగా ఉంది. ఆ నేలని మెచ్చుకోబుద్ధి కాలేదు. చేతులు రెండూ ముళ్ళకి చీరుకుపోయాయి. మనసు కాస్త తేలికైంది.

అప్ప సాయంత్రం వచ్చి చూసింది. ఒక పిలక ఆకు పట్టుకుని ఒంచి, వదిలేసింది.

"ఎక్కడివిరా ఇవి?"

చెప్పాను.

"అక్కడిదంతా కాయ కాసే మొగలిరా సిన్నా. పువ్వు రాదు" అంది. నా మొహం చూసి మళ్ళీ, "పోనీలే. గాలికి అడ్డం ఉంటాది" అంది.

తిట్టవచ్చు కదా. ఒక్క తిట్టు.

15 జూలై, సోమవారం

అప్ప జీడిపిక్కల పనికి కుదిరింది. పిక్క కొట్టి పప్పు తీయడం. పొద్దున్న ఊరి ఆడవాళ్ళతో వ్యాన్ ఎక్కుతోంది, పొద్దుగూకాక దిగుతోంది. నేను ఆ వ్యాన్‌కి ఎదురుపడకుండా ఆటో వేరే వీధిలో పెట్టుకుంటున్నాను. ఇది పిరికితనం కాదు. ఆ వీధిలో నీడ ఉంది.

21 జూలై, ఆదివారం

అప్ప దగ్గరికి వెళ్ళాను. వేళ్ళన్నీ జీడి చమురుకి నల్లబడి, కొసలు తోలు ఊడి ఉన్నాయి. బూడిద రాసుకుని వెళ్ళాలప్పా అన్నాను. "రాస్తన్నానురా" అంది. కంచంలో అన్నం చెంచాతో తింటోంది. మా అప్ప చెంచాతో తినడం నేనెప్పుడూ చూడలేదు.

ఎలాగైనా తిట్టించుకోవాలని, సంతలో కొన్న రబ్బరు పాముని ఆవిడ పని బుట్టలో చుట్ట చుట్టి పెట్టాను. ఒకప్పుడైతే అరిచి, చీపురు తీసుకుని వీధి చివర దాకా తరిమేది. తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా, అచ్చం నిజందానిలాగే ఉన్నాది" అంది. గోడ మేకుకి తగిలించింది.

28 జూలై, ఆదివారం

తోటలో కొబ్బరి మొక్కలు పెట్టించాను. వరసలు చక్కగా వచ్చాయి. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. "అదృష్టవంతుడివిరా" అన్నాడు అసిరయ్య. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. వెటకారమైతే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

4 ఆగస్టు, ఆదివారం

నిన్న బావని సోంపేట డయాలసిస్‌కి నా ఆటోలో తీసుకెళ్ళాను. అప్ప పనికి పోతోంది కదా, ఇక నేనే తీసుకెళ్ళాలి. మిషను దగ్గర మంచం మీద పడుకుని, గొట్టంలో తన రక్తం తిరగడం చూస్తూ, "మీ మిషను నమిలి ఊసేస్తాది. ఇది నమలకుండా కడిగి ఇస్తాది. ఇదే నయం బావా" అన్నాడు.

"నిన్ను నమిలితే దానికి అరగదు" అన్నాను.

నవ్వాడు. నవ్వితే చెయ్యి కదిలి, నర్సు కేకలేసింది. కాసేపు ఇద్దరం బుద్ధిమంతుల్లా ఉన్నాం. తర్వాత వాడు పైకప్పు చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు.

"బావా, మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను."

"తెలుసు."

"విశాఖలో ఉన్నన్నాళ్ళూ అది నా తలగడ కిందే ఉండీది. మీ అప్పకి దాన్ని నొక్కడం కూడా రాదు. ఎవరికి సేయాలన్నా నానే కలిపి ఇచ్చీవోడిని."

నేను గొట్టం వైపు చూశాను. ఎర్రగా తిరుగుతోంది.

"సోములన్న అడిగిన రోజు నాను ఆ వరండాలోనే కూకున్నాను" అన్నాడు. "ఒక్క మాట అంటే సగం తోట మాది. నోరు తెరిసినాను. మీ అప్ప నా తొడ మీద సెయ్యేసి నొక్కింది. ఆ రాత్రి ఇంటికెళ్ళాక అడిగినాను, ఏలే, ఏల ఒప్పుకున్నావని. ఏటన్నాదో తెలుసా?"

"ఏటన్నాది?"

"ఆడికి ఊళ్ళో ఎలాగూ మాట సెల్లదు. పెద్దల్లో కూడా సెల్లకపోతే ఇంకేటి మిగులుతాది ఆడికి, అన్నాది."

ఏదో జోకు వేశాను. ఏం వేశానో ఇప్పుడు గుర్తు లేదు. బావ మర్యాదకి నవ్వాడు. తిరుగుదారిలో గట్టు దగ్గర ఆటో నెమ్మదిచేశాను, అలవాటుగా. బావ కళ్ళు మూసుకున్నాడు.

5 ఆగస్టు, సోమవారం

పొద్దున్న అప్ప వ్యాన్ ఎక్కుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. చెప్పేద్దామని వెళ్ళాను. పెద్దలని మళ్ళీ కూర్చోబెడతాను, తోటలో సగం రాసిస్తాను అన్నాను.

"పెద్దల ముందు నానాడినది అబద్ధమని సెప్తావా?" అంది.

"నాది అబద్ధమని చెప్తానప్పా."

"రెండూ ఒకటే కదరా. ఆ మాట ఒగ్గీ." మెట్టెక్కబోయి ఆగి, "తిన్నావేట్రా?" అంది. వ్యాన్‌లో ఆడవాళ్ళు బేగి ఎక్కమని కేకలేశారు. ఎక్కింది. కిటికీ ఊచ పట్టుకున్న నల్లటి వేళ్ళు మలుపు దాకా కనబడ్డాయి.

రాసిస్తానంటే పుచ్చుకోదు. పుచ్చుకుంటే తన మాట పోతుంది. నా మాట నిలబెట్టడానికి ఆవిడ అన్న మాట. నేనేం చేసినా ఇప్పుడు అది ఆవిడకే తగులుతుంది.

ఇంటికొచ్చి ఇదంతా మొదటినుంచి చదివాను. ఇందులో దువ్వెన నిజం. కోళ్ళు నిజం. మిషను, డ్రైవరు, బొండాలు, నుదుటి మీద దెబ్బ, అన్నీ జరిగినవే. జూన్ పదమూడు మాత్రం నేను కల్పించాను. ఆ రోజు అప్ప ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేస్తే వద్దంటుందని తెలుసు, అందుకే చేయలేదు. ట్రాలీ చక్రాలు, నర్సు కేకలు, దగ్గు, అన్నీ నేను కూర్చుని అల్లినవి. ధర్మేంద్రకి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ చదవని డైరీలో కూడా ఎందుకు రాశానో నాకు తెలియదు.

అప్ప సరే అన్నది ఒక్కసారే. బడి వరండాలో, నా మొహం చూసి.